ఇంగ్లండ్ పల్లెల్లో లోకల్ బీరు, సైడర్: లెడ్‌బరీ వెళ్తున్నాం, ఏం తాగాలి? ఎక్కడ తాగాలి?

రెడింగ్_రాజు
అక్టోబరు మొదటి వారానికి హెరెఫర్డ్‌షైర్‌లో, లెడ్‌బరీ దగ్గర ఒక కాటేజీ తీసుకున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి వస్తున్న అక్కాబావలు. ఆ చుట్టుపక్కల అంతా యాపిల్ తోటలు, యాపిల్ రసాన్ని పులియబెట్టి సైడర్ చేసే ఫామ్‌లు అంటున్నారు. ఎలాగూ వెళ్తున్నాం కదా, సూపర్‌మార్కెట్లో దొరికే డబ్బాలు కాకుండా ఆ ఊళ్ళ బీరు, ఆ ఊళ్ళ సైడర్ రుచి చూడాలని ఉంది.

నా సమస్యేంటంటే, మొన్న వేసవిలో కాట్స్‌వోల్డ్స్‌లో ఒక ఊరి పబ్బులో చేతిపంపు బీరు తీసుకున్నాను. చల్లదనం లేదు, గ్యాస్ లేదు, నురగ అసలే లేదు. పైగా ఐదు పౌండ్ల పైనే అయింది. అది ఉండాల్సిన తీరే అదా, లేక నాకు పాడైపోయింది పోశారా? మా బావకి గ్లాసు బయట చెమట పట్టిన బీరైతే తప్ప గొంతు దిగదు. ఆయన్ని తీసుకెళ్ళి అలాంటిది చేతిలో పెడితే వారమంతా నన్ను ఆడుకుంటాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

చిల్డ్_చారి
పాడైంది కాదు బ్రో, వాళ్ళ బీరే అంత. పదకొండేళ్ళుగా ఇక్కడున్నా, నాకు ఎక్కలేదు. లాగర్ అడుగు, అదే మనకి అలవాటైన చల్లటి గ్యాస్ బీరు, ప్రశాంతంగా ఉంటావు. ప్రతి పబ్బులోనూ ఉంటుంది.

యార్క్‌షైర్_యాదగిరి
చారి అన్నా, లాగర్ తాగడానికి లెడ్‌బరీ దాకా ఎందుకు, రెడింగ్‌లోనే కూర్చోవచ్చు కదా.

రాజు గారూ, చేతిపంపు బీరు అంటే పీపా బీరు. ఇక్కడ రియల్ ఏల్ అంటారు. మామూలు కెగ్ బీరుని ఫ్యాక్టరీలోనే వడకట్టి, ఈస్ట్ తీసేసి, చాలావరకు పాశ్చరైజ్ చేసి పంపుతారు. పబ్బులో బయటి నుంచి గ్యాస్ ఎక్కించి పోస్తారు. పీపా బీరు అలా కాదు. బ్రూవరీ నుంచి బయల్దేరినప్పుడు అందులో ఈస్ట్ బతికే ఉంటుంది. పబ్బు కింద సెల్లార్‌లో పడుకోబెట్టాక కూడా లోపల పులియడం నడుస్తూనే ఉంటుంది. ఆ పులియడంలో పుట్టిన గ్యాసే దానికి ఉన్న గ్యాస్. అందుకే నాలుక మీద సన్నగా తెలుస్తుంది, ముక్కుల్లోకి తన్నదు.

చల్లదనం సంగతి. సెల్లార్‌ని 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. అంతకంటే చల్లబరిస్తే మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) వాసన, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) వాసన రెండూ అణిగిపోతాయి. 12 డిగ్రీల బీరు చేత్తో పట్టుకుంటే గ్లాసు చల్లగానే తెలియాలి. మీకు పోసింది నిజంగా గోరువెచ్చగా ఉందంటే తప్పు ఆ పబ్బుది. పంపు పైపులో నిలిచిపోయిన బీరు మొదటి గ్లాసులో పోసి ఉంటారు, లేదంటే సెల్లార్ సరిగ్గా చూసుకోవడం లేదు.

ఇంకొకటి. పీపా ఒకసారి తెరిచాక లోపలికి గాలి వెళ్తుంది కాబట్టి దాదాపు మూడు రోజుల్లో అయిపోవాలి. తర్వాత చప్పబడుతుంది, ఆపైన పులుపెక్కుతుంది. జనం లేని పబ్బులో ఆరు పంపులు కనిపిస్తే సంబరపడకండి. రెండే పంపులు ఉండి, కౌంటర్ దగ్గర ఊరి జనం నిండుగా ఉన్న పబ్బులోకి వెళ్ళండి.

హాఫ్‌పింట్
యాదగిరి గారు చెప్పిన చివరి మాట బంగారం. పంపుల సంఖ్య కాదు, పీపా ఎంత తొందరగా ఖాళీ అవుతుందన్నదే లెక్క.

పాడైందో లేదో కనిపెట్టడం కష్టమేమీ కాదు. గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూడండి. మబ్బుగా ఉంటుందని ముందే చెప్పిన బీరైతే తప్ప, తేటగా ఉండాలి. వాసన చూడండి. వెనిగరు వాసన గానీ, తడి అట్టపెట్టె వాసన గానీ వస్తే తాగొద్దు. గ్లాసు కౌంటర్ దగ్గరకి తీసుకెళ్ళి, ఇది బాగాలేదనిపిస్తోంది, ఒకసారి చూస్తారా అని మర్యాదగా అడగండి. మంచి పబ్బు అయితే ఒక్క మాట మాట్లాడకుండా వేరేది పోస్తుంది. ష్రాప్‌షైర్‌లో ఒకచోట నాకిచ్చిన బిట్టర్ (కాస్త చేదుగా ఉండే ఒక రకం ఏల్) పుల్లగా ఉందని చెప్పాను. ఆవిడ కాస్త తన గ్లాసులోకి వంపుకుని రుచి చూసి, ఆ పంపుకి తగిలించిన బొమ్మ పలకని వెనక్కి తిప్పేసింది. పలక వెనక్కి తిరిగి ఉంటే ఆ బీరు ఇప్పుడు లేదని అర్థం.

కొనేముందు రుచికి అడగొచ్చు కూడా. చిన్న గ్లాసులో రెండు గుక్కలు ఊరికే పోస్తారు. నలుగురు నిలబడి ఉన్నప్పుడు అయిదారు రకాలు అడగకండి, అంతే.

చిల్డ్_చారి
ఇంత పరీక్ష రాసి తాగాలా? లాగర్‌కి ఈ గోలేమీ లేదు.

యార్క్‌షైర్_యాదగిరి
ఈ గోల లేకుండా చేద్దామనే 60ల్లో పెద్ద కంపెనీలు దేశమంతా కెగ్గులు దింపాయి. ఊరూరి రుచీ పోతోందని 1971లో నలుగురు మిత్రులు కామ్రా (క్యాంపెయిన్ ఫర్ రియల్ ఏల్) అని ఒక ఉద్యమం మొదలుపెట్టారు. తాగేవాళ్ళు జట్టు కట్టి తమ బీరుని తాము కాపాడుకున్నారన్నమాట. ఈ రోజు ఒక్కో జిల్లాలో అన్నన్ని చిన్న బ్రూవరీలు ఉన్నాయంటే వాళ్ళ చలవే. నేనైతే వాళ్ళకి దండం పెడతాను.

ససెక్స్_సుబ్బు
నురగ విషయం ఎవరూ చెప్పలేదు. దక్షిణాదిలో పంపు మూతికి ఏమీ తగిలించరు. బీరు అంచు దాకా వస్తుంది, పైన పల్చగా నురగ. అదే సరైన పద్ధతి. లూయిస్ ఊళ్ళో హార్వీస్ వాళ్ళ ససెక్స్ బెస్ట్ అలా తాగాలి. 1790 నుంచి ఉన్న బ్రూవరీ, నది ఒడ్డున ఉంటుంది, మాల్ట్ ఉడుకుతుంటే వీధంతా వాసన. యార్క్‌షైర్ వాళ్ళు మూతికి జల్లెడ లాంటి బిళ్ళ తగిలించి బీరులో ఉన్న కాస్త గ్యాస్ కూడా నురగ కింద కొట్టేస్తారు.

యార్క్‌షైర్_యాదగిరి
వచ్చాడండీ. సుబ్బూ, ఆ బిళ్ళ గుండా వచ్చిన నురగ మీగడలా చిక్కగా నిలుస్తుంది, గ్లాసు ఖాళీ అయ్యేదాకా అంచుకి గీతలు గీతలుగా అంటుకుని ఉంటుంది. కీఘ్లీలో టిమతీ టేలర్ వాళ్ళ ల్యాండ్‌లార్డ్, మాషమ్‌లో థీక్‌స్టన్ వాళ్ళ ఓల్డ్ పెక్యూలియర్ ఆ నురగతో తాగి చూసి అప్పుడు మాట్లాడు.

ససెక్స్_సుబ్బు
తాగాను కాబట్టే మాట్లాడుతున్నా 😄

రెడింగ్_రాజు
బాబోయ్, ఇద్దరూ ఆగండి. లెడ్‌బరీ దగ్గర బిళ్ళ ఉంటుందా ఉండదా?

హాఫ్‌పింట్
అటుపక్క మామూలుగా ఉండదు. కావాలంటే పెట్టమని, వద్దంటే తీసేయమని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

మీ బావగారికి మొదట గోల్డెన్ ఏల్ ఇప్పించండి. లేత రంగు, చేదు తక్కువ, లాగర్ అలవాటున్నవాళ్ళకి తేలిగ్గా నచ్చుతుంది. ముదురు గోధుమరంగు బిట్టర్ రెండో రోజు. పూర్తి పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, అందుకే సగమే తీసుకోండి. పింట్‌లో మూడో వంతు గ్లాసులు మూడు చెక్క పలక మీద పెట్టిచ్చే చోట్లు కూడా ఉంటాయి. రుచి చూడటానికి వెళ్ళినప్పుడు అదే మంచి పని.

సోమర్సెట్_సుధ
మీరందరూ బీరు దగ్గరే ఆగిపోయారు. హెరెఫర్డ్‌షైర్ వెళ్ళి బీరు గురించి కొట్టుకోవడమేంటి! అది సైడర్ సీమ. నేను సోమర్సెట్ మనిషిని, మాకూ వాళ్ళకీ పోటీ ఉంది, అయినా చెబుతున్నాను.

రాజు గారూ, మీరు డబ్బాల్లో చూసిన సైడర్ వేరు, ఫామ్‌లో దొరికేది వేరు. ఈ దేశ చట్టం ప్రకారం 35 శాతం యాపిల్ రసం ఉంటే చాలు, దాన్ని సైడర్ అని అమ్ముకోవచ్చు. మిగతాది నీళ్ళు, చక్కెర. ఫామ్‌వాళ్ళు చాలామంది పూర్తిగా రసంతోనే చేస్తారు. అదీ తినే యాపిల్ కాదు. సైడర్‌కంటూ వేరే రకాలున్నాయి: డాబినెట్, యార్లింగ్టన్ మిల్, కింగ్‌స్టన్ బ్లాక్, ఫాక్స్‌వెల్ప్. చెట్టు నుంచి కోసుకుని కొరికితే నోరు పిడచగట్టుకుపోతుంది, అంత వగరు. ఆ వగరే సైడర్‌కి నోట్లో నిండుతనం ఇస్తుంది. కెంట్, సఫోక్ వైపు మాత్రం వంట యాపిల్స్, తినే యాపిల్స్‌తో చేస్తారు. అక్కడి సైడర్ పల్చగా, పులుపుగా, వైన్ వైపు ఉంటుంది. అదీ మంచిదే, కానీ మా పడమటి సైడర్ తాగినవాళ్ళకి ఏదో తక్కువైనట్టుంటుంది.

మీరు అక్టోబరులో వెళ్తున్నారు, అది అదృష్టం. పండ్లు రాలే కాలం. తోటల్లో చెట్ల కింద ఎర్రగా పసుపుగా కుప్పలు పోసి ఉంటాయి. వాటిని కడిగి, మరలో వేసి తురుముతారు. ఆ పిప్పిని గుడ్డల్లో పొరలు పొరలుగా మడిచి, చెక్క పలకల మధ్య పేర్చి, పైనుంచి ప్రెస్సు బిగించి నొక్కుతారు. పక్కల నుంచి గోధుమరంగు రసం కారుతుంది. ఆ రసం ఒక గుక్క ఇవ్వమని అడగండి, పిల్లలకి కూడా. ఇంకా పులియలేదు కాబట్టి మత్తు ఉండదు. తాగితే అదే రోజంతా గుర్తుంటుంది.

తాటివనం
సుధ గారూ, ఈస్ట్ వేస్తారా, వేయకుండానే పులుస్తుందా? మాది జనగామ దగ్గర, ఇంట్లో కల్లు గీసేవాళ్ళం. కల్లుకి ఎవరూ ఏమీ కలపరు, కుండలో పడ్డ గంటల్లోనే దానంతట అది పులుస్తుంది.

సోమర్సెట్_సుధ
పాతకాలపు ఫామ్‌లలో వేయరు. పండు తోలు మీద, మర మీద, పీపా చెక్కలో ఉండే ఈస్టే పని చేస్తుంది. తేడా అంతా కాలంలో ఉంది. కల్లు ఎండ దేశపుది, పొద్దున దించింది సాయంత్రానికి ముదిరిపోతుంది. సైడర్ అక్టోబరు, నవంబరుల్లో పీపాలోకి వెళ్తుంది, చలికాలమంతా నిదానంగా బుడగలు వేస్తూ వసంతానికి తాగేలా తయారవుతుంది. మీరు అక్టోబరులో తాగేది కిందటేడు పిండినది.

తాటివనం
అర్థమైంది. కల్లు తాగినవాడికి ఫామ్ సైడర్ కొత్తేమీ కాదు, మబ్బుగా ఉంటుంది, గ్యాస్ ఉండదు, వెనక చిన్న పులుపు. గ్లౌస్టర్‌షైర్‌లో ఒక ఫామ్‌లో తాగాను. మా నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అనుకున్నాను. గీత కార్మికుడికి ఇక్కడి సైడర్ రైతుకి ఉన్న గౌరవం మన దగ్గర కూడా దక్కాలి.

రెడింగ్_రాజు
చాలా బాగా చెప్పారు ఇద్దరూ. ఒక సందేహం. మా ఆవిడ శాకాహారి, అప్పుడప్పుడు సైడర్ తాగుతుంది. బీరులో చేప ఏదో కలుపుతారని ఎక్కడో విందట. నిజమేనా? నేను పుకారు అన్నాను, గొడవైంది.

శాకాహారి_శ్రీ
నిజమే. ఐసింగ్లాస్ అంటారు. చేప గాలితిత్తిని ఎండబెట్టి తీసే జిగురు. పీపా బీరులో తేలుతున్న ఈస్ట్‌ని పట్టుకుని అడుక్కి దించుతుంది, బీరు తేటపడుతుంది. గ్లాసులోకి దాదాపు రాదు, కానీ మనలాంటివాళ్ళకి అది చాలదు కదా. గిన్నిస్ వాళ్ళు కూడా ఇదివరకు వాడేవారు, 2015లో మానేస్తామని ప్రకటించారు.

మీ ఆవిడకి చెప్పండి: పంపు పలక మీద వీగన్ అని గానీ, జిగురు కలపలేదని గానీ రాసి ఉన్నవి తీసుకోవచ్చు. లేకపోతే కౌంటర్‌లో అడగాలి. ఈ ప్రశ్న వాళ్ళకి రోజూ వచ్చేదే. ఫామ్ సైడర్ చాలావరకు ఏమీ కలపకుండా దానంతట అదే తేరుకున్నది. పెద్ద ఫ్యాక్టరీల సైడర్‌లో కొన్నిటికి జెలటిన్ వాడతారు, సీసా మీద చూసుకోవాలి.

చిప్స్ ప్యాకెట్ల పక్కన పోర్క్ స్క్రాచింగ్స్ అని వేలాడుతుంటాయి, అవి పంది తోలు వేపుడు. చూడకుండా తీసుకోకండి.

చిల్డ్_చారి
చేప జిగురా! ఇన్నాళ్ళూ శనివారాలు కూడా తాగాను కదరా దేవుడా.

గుంటూరు_కారం
చారి అన్న శనివారం నీచు తినడు, బీరు మాత్రం తాగుతాడు. నోట్ చేసుకోండి 😂

మాల్వర్న్_మాధవి
నేను ఆ ప్రాంతం మనిషిని, లెడ్‌బరీకి కొండ ఇవతల ఉంటాను. ఆలస్యంగా చూశాను ఈ చర్చ.

లెడ్‌బరీ మంచి ఎంపిక. రైలు స్టేషన్ ఉంది, అటు హెరెఫర్డ్, ఇటు మాల్వర్న్, వూస్టర్. దగ్గర్లో మచ్ మార్కల్ ఊరు తప్పకుండా వెళ్ళండి. వెస్టన్స్ వాళ్ళు 1880 నుంచి అక్కడే సైడర్ చేస్తున్నారు. పెద్ద కంపెనీయే, కానీ తిరిగి చూపిస్తారు. మనిషి రెండింతల ఎత్తున్న ఓక్ తొట్లు వరసగా నిలబడి ఉంటాయి, వాటికి ఒక్కోదానికీ ఒక పేరు. పిల్లలకి నచ్చుతుంది. అదే ఊళ్ళో హెలెన్స్ అనే పాత బంగళా దగ్గర పెర్రీ (పియర్ రసాన్ని పులియబెట్టి చేసేది) కోసం పెంచే పియర్ చెట్ల బాట ఉంది. 18వ శతాబ్దం మొదట్లో నాటినవి, వాటిలో కొన్ని ఇంకా కాస్తున్నాయి. అక్టోబరులో మచ్ మార్కల్ చుట్టుపక్కల పంట పండుగ చేస్తారు, ఫామ్‌లు గేట్లు తెరిచి పెడతాయి. మీ తేదీలకి కలుస్తుందేమో చూసుకోండి. ఇంకాస్త దక్షిణంగా, రాస్-ఆన్-వై పక్కన పీటర్స్‌టోలో బ్రూమ్ ఫామ్ ఉంది. ఒక్కో యాపిల్ రకాన్ని విడిగా పులియబెట్టి సీసాలు కడతారు. డాబినెట్ ఒక్కటే తాగి, తర్వాత ఫాక్స్‌వెల్ప్ ఒక్కటే తాగితే, సుధ గారు చెప్పిన వగరు, పులుపుల తేడా నోటికే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా పెర్రీ. పియర్ పండ్ల సైడర్ అని అమ్మే తియ్యటి సీసా నీళ్ళు కాదు, అసలు పెర్రీ. హెరెఫర్డ్‌షైర్, గ్లౌస్టర్‌షైర్, వూస్టర్‌షైర్, ఈ మూడు జిల్లాలదే ఆ విద్య. మే హిల్ అనే కొండ కనిపించినంత మేరే మంచి పెర్రీ చెట్లు పెరుగుతాయని మా వైపు నమ్మకం. ఆ పియర్లు చిన్నగా, గట్టిగా ఉంటాయి, తినడానికి పనికిరావు. కొన్ని రకాలు చెట్టు నుంచి దించిన ఒకటి రెండు రోజుల్లోనే పిండాలి, లేకపోతే లోపలి నుంచి కుళ్ళిపోతాయి. మర ఆడించాక కొన్నిటి పిప్పిని రాత్రంతా అలా వదిలేసి వగరు తగ్గాక పిండుతారు. ఇంత చాకిరీ కాబట్టే తక్కువమంది చేస్తారు. చల్లగా ఇస్తారు, లేత బంగారు రంగు, పూల వాసన, మెత్తగా దిగిపోతుంది. రాజు గారూ, మీ బావగారి చేతిలో మొదట పెట్టాల్సింది గోల్డెన్ ఏల్ కాదు, పెర్రీ.

గుంటూరు_కారం
పెర్రీ ఎక్కువైతే పొద్దున్నే పరుగే పరుగు అంటారు, నిజమా?

మాల్వర్న్_మాధవి
నిజమే. పియర్లలో సార్బిటాల్ అని ఒక చక్కెర ఉంటుంది, ఈస్ట్ దాన్ని తినలేదు. పెర్రీకి ఆ చిన్న తీపి మిగిలేది దానివల్లే, కడుపు కదిలేదీ దానివల్లే. ఒక గ్లాసు రెండు గ్లాసులకి ఏమీ కాదు.

డాక్టరమ్మ
ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తున్నాను. పండగ వాతావరణం చెడగొట్టడం లేదు గానీ రెండు లెక్కలు చెప్పనివ్వండి.

మామూలు బిట్టర్ 4 శాతం లోపు. పింట్‌కి రెండుంపావు యూనిట్లు (అందులోని ఆల్కహాల్‌ని ఇక్కడ కొలిచే లెక్క). ఫామ్ సైడర్ 6, 7 శాతం ఉంటుంది. గ్యాస్ లేదు, పండ్ల రసంలా దిగిపోతుంది, పింట్‌కి మూడున్నర, నాలుగు యూనిట్లు. ఇక్కడ వారానికి 14 యూనిట్లు దాటొద్దంటారు. బీరు లెక్కన సైడర్ తాగి కూర్చున్న కుర్చీలోంచి లేవలేనివాళ్ళని నేను చూశాను. సైడర్ ఎప్పుడూ సగం గ్లాసే.

శరీరం గంటకి దాదాపు ఒక్క యూనిట్ మాత్రమే వదిలించుకుంటుంది. రాత్రి పదకొండుకి నాలుగు పింట్లు ముగించి పొద్దున ఏడుకి కారు తీస్తే ఒంట్లో ఇంకా ఉండొచ్చు. పడుకుని లేస్తే దిగిపోయిందనుకోవడం చాలా ప్రమాదం. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు, మన దేశంలో 30. ఇక్కడ ఎక్కువ ఉంది కదా అని ధైర్యం చేయకండి. దొరికితే కనీసం 12 నెలలు లైసెన్స్ పోతుంది. వీసా మీద ఉన్నవాళ్ళకి కోర్టు కేసు ఎంత తలనొప్పో చెప్పక్కర్లేదు.

రెడింగ్_రాజు
డాక్టరమ్మ గారూ, చెడగొట్టడమేంటి, ఇదే కావాలి. డ్రైవింగ్ నేనే. అందుకే అడుగుతున్నా, కారు లేకుండా ఎలా తిరగాలి?

మాల్వర్న్_మాధవి
లెడ్‌బరీ ఊళ్ళో పబ్బులకి నడిచి వెళ్ళొచ్చు. మచ్ మార్కల్‌కి టాక్సీ ముందురోజే చెప్పి పెట్టుకోండి, రెండు వైపులా. పల్లెల్లో అప్పటికప్పుడు టాక్సీ దొరకదు, యాప్‌లో బొమ్మ కూడా కనిపించదు. ఆదివారం బస్సుల మీద అసలు నమ్మకం పెట్టుకోవద్దు. ఒక రోజు రైల్లో గ్రేట్ మాల్వర్న్ వచ్చి, కొండ మీద నడిచి, దిగి పబ్బులో కూర్చుని, మళ్ళీ రైల్లో వెళ్ళిపోవచ్చు. నడిచాక తాగే బీరు రుచి వేరు.

హాఫ్‌పింట్
డెవన్‌లో టార్కా లైన్ అని ఎక్సెటర్ నుంచి బార్న్‌స్టపుల్ వెళ్ళే చిన్న రైలు మార్గం ఉంది. స్టేషన్ స్టేషన్‌కీ దిగి దగ్గర పబ్బులో సగం గ్లాసు తాగి తర్వాతి రైలు ఎక్కేలా ఏల్ దారి అని ఒకటి వేశారు. మరోసారికి గుర్తుపెట్టుకోండి.

కృష్ణవేణి
నేను తాగను, మా ఇంట్లో ఎవరూ తాగరు. అడగాలనిపించింది: పిల్లల్ని వెంటపెట్టుకుని మందు దగ్గరికి వెళ్ళడం అవసరమా? చూసి ఏం నేర్చుకుంటారు?

మాల్వర్న్_మాధవి
వేణి గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. మన ఊళ్ళో వైన్ షాపు పక్కన పర్మిట్ రూమ్ మనసులో పెట్టుకుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఊరి పబ్బు అలా ఉండదు. మధ్యాహ్నం ముసలాళ్ళు కుక్కని పక్కన పడుకోబెట్టుకుని పేపరు చదువుకుంటారు, కుటుంబాలు భోజనానికి వస్తాయి, వెనక తోటలో పిల్లలు ఆడుకుంటారు. మావాళ్ళు అక్కడే క్విజ్‌కి కూడా వెళ్తారు. తాగనివాళ్ళు కాఫీ తీసుకోవచ్చు, సైడర్ ఫామ్‌లలో ఒక్కో రకం యాపిల్ రసం పిండి విడిగా అమ్ముతారు. మంచినీళ్ళు అడిగితే ఊరికే ఇవ్వాలి, ఇంగ్లండ్‌లో అది చట్టం.

కృష్ణవేణి
సరే, యాపిల్ రసం సంగతి బాగుంది. అయినా రాత్రిపూట పిల్లలతో వద్దనే అంటాను.

మాల్వర్న్_మాధవి
రాత్రి విషయంలో మీతో ఏకీభవిస్తాను. చాలా పబ్బులు కూడా తొమ్మిది దాటితే పిల్లల్ని ఉండనివ్వవు.

పాతకాలం
సైడర్‌కి చేదు చరిత్ర కూడా ఉంది. పొలం కూలీలకి జీతంలో కొంత సైడర్ రూపంలో ఇచ్చేవారు. ఒక్కొక్కడూ తన చిన్న చెక్క బుడ్డి పట్టుకుని పొలానికి వెళ్ళేవాడు. జీతాన్ని మందుగా ఇవ్వకూడదని 1887లో చట్టం తెచ్చారు. అంతకుముందు 18వ శతాబ్దంలో డెవన్‌లో జనానికి భయంకరమైన కడుపునొప్పి, చేతులు పడిపోవడం వచ్చేవి. సైడర్ పులుపే కారణమనుకున్నారు. జార్జ్ బేకర్ అనే వైద్యుడు 1767లో అసలు సంగతి బయటపెట్టాడు: పిండే రాతి తొట్ల అతుకుల్లో పోసిన సీసం రసంలో కరిగి ఒంట్లోకి వెళ్తోందని. సీసం తీసేశారు, జబ్బు తగ్గింది. ఫామ్‌లో ఆ పాత రాతి గానుగ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి.

సోమర్సెట్_సుధ
మంచి విషయం రాశారు. కూలీల సైడర్ పలచగా ఉండేదట, పిండిన పిప్పిలోనే నీళ్ళు పోసి మళ్ళీ పిండి ఇచ్చేవాళ్ళు.

చిల్డ్_చారి
ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) గురించి ఎవరూ ఎత్తలేదు. మన దేశం కోసమే చేసిన బీరు కదా అది.

పాతకాలం
నిజమే, మద్రాసుకి, కలకత్తాకి ఓడల్లో వచ్చేది. మొదట లండన్ నుంచి, తర్వాత 1820ల నుంచి బర్టన్ ఊరి నుంచి. బర్టన్ నీళ్ళల్లో జిప్సం ఎక్కువ, హాప్స్ చేదు పదునుగా తేలుతుంది. కానీ అది తాగింది ఎక్కువగా దొరలు. సిపాయి బారకాసుల్లో తెల్ల సైనికులు తాగింది నల్లటి పోర్టర్, అదీ బోలెడంత.

చిల్డ్_చారి
ఎండాకాలం మద్రాసులో పోర్టర్! ఫ్రిజ్ లేకుండా! వాళ్ళకి జోహార్లు.

కాట్స్‌వోల్డ్_కిట్టు
రాజు గారు రెడింగ్ నుంచి ఆక్స్‌ఫర్డ్ మీదుగా ఏ44 పట్టుకుంటే చిప్పింగ్ నార్టన్ దగ్గర కాస్త పక్కకి తిరిగితే హుక్ నార్టన్ వస్తుంది. 1849 నుంచి ఉన్న బ్రూవరీ. భవనం గోపురంలా అంతస్తులు అంతస్తులుగా లేస్తుంది. మాల్ట్‌ని పై అంతస్తుకి ఎక్కిస్తారు, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ కిందకి వచ్చేసరికి బీరవుతుంది. లోపల పాత ఆవిరి ఇంజను ఉంది. ఊళ్ళోని పబ్బులకి ఇప్పటికీ పెద్ద షైర్ గుర్రాల బండి మీద పీపాలు తీసుకెళ్తారు. కాలి మడమల దగ్గర జుట్టు చీపురులా వేలాడుతుంటుంది, పిల్లలు చూస్తే వదలరు. మీరు డ్రైవింగ్ కాబట్టి మీ వంతు సీసాల్లో కొనుక్కుని కాటేజీలో తాగండి.

యార్క్‌షైర్_యాదగిరి
కిట్టు గారి మాట విని తీరాలి. చూసి తాగితే అందులో ఎంత పని ఉందో తెలుస్తుంది.

ఒక ముఖ్యమైన విషయం: పల్లె పబ్బుల్లో వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా కట్టేస్తారు, మళ్ళీ సాయంత్రం ఆరుకి. సోమవారం చాలాచోట్ల సెలవు. మన లెక్కన మూడింటికి భోజనానికి వెళ్తే చిప్స్ ప్యాకెట్టే గతి. ముందు ఫోన్ చేసి వెళ్ళండి.

గుంటూరు_కారం
బావగారి కోసం ఆవకాయ సీసా పట్టుకెళ్ళండి. పాత చెడ్డార్ చీజ్, బ్రెడ్డు, ఆవకాయ, పొడి (డ్రై, అంటే తీపి లేని) సైడర్. నేను తిన్నాను కాబట్టి చెబుతున్నా.

సోమర్సెట్_సుధ
ఇది నిజం! ఇక్కడివాళ్ళు చీజ్‌తో ఊరగాయ తింటూనే ఉంటారు, ఆవకాయ దానికి తాత. వెడ్మోర్ దగ్గర మడ్జ్‌లీలో విల్కిన్స్ ఫామ్‌కి ఎప్పుడైనా రండి. పాత కొట్టంలో పీపాలుంటాయి. ఒకదాంట్లో పొడి, ఒకదాంట్లో తీపి, మధ్యరకం కావాలంటే రెండూ కలిపి పోస్తారు. చీజ్ కూడా అక్కడే. కింగ్స్‌బరీ ఎపిస్కోపిలో బరో హిల్ వాళ్ళు సైడర్‌ని కాచి బ్రాందీ చేస్తారు, వాళ్ళ బట్టీలు రెంటికీ జోసెఫీన్, ఫిఫి అని పేర్లు.

రెడింగ్_రాజు
అందరికీ థాంక్స్. వెళ్ళేటప్పుడు హుక్ నార్టన్, మచ్ మార్కల్ ఒక పూర్తి రోజు టాక్సీలో, ఒక రోజు రైల్లో మాల్వర్న్, బ్రూమ్ ఫామ్‌కి నేను తాగకుండా కారు తీస్తాను. బావకి పెర్రీ మొదట, బీరు తర్వాత. ఆవిడ దగ్గర చేప విషయం ఒప్పుకున్నాను, ఇప్పుడు ఇల్లు ప్రశాంతం. ఆఖరి ప్రశ్న: బావ విజయవాడకి ఫామ్ సైడర్ పట్టుకెళ్తానంటున్నాడు, కుదురుతుందా?

సోమర్సెట్_సుధ
పీపా నుంచి ప్లాస్టిక్ క్యాన్‌లో పట్టి ఇచ్చేది వద్దు. తెరిచాక కొన్ని రోజులే బాగుంటుంది, ఆ ఎండకి వెనిగరే. మూత బిగించి ఫామ్‌లోనే కట్టిన సీసాలు తీసుకోమనండి. సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు, ముప్పావు లీటరు సీసాలైతే రెండు. బుడగలున్న రకం కాకుండా గ్యాస్ లేనిది కొనమనండి, బట్టల మధ్య చుట్టి పెట్టెలో పెట్టుకోవచ్చు.

మాల్వర్న్_మాధవి
ఆ రెంటిలో ఒకటి పెర్రీ ఉండాలి.